సున్నా నంబరు గడి

వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం మానేసి మూడేళ్లయింది. పోట్లాడుకోవడం మాత్రం ఒక్కరోజూ మానలేదు. ఒకే ఆఫీసు, ఒకే హాలు, మధ్యలో నడుమెత్తు చెక్క అడ్డు. అటు అతను, ఇటు ఆమె. విడాకుల కాగితం చేతికొచ్చిన రోజున ఇద్దరూ సెలవు పెట్టలేదు సరికదా, ఎవరు ముందొస్తారా అన్నట్టు పొద్దున ఎనిమిదింటికే వచ్చి సీట్లలో కూర్చున్నారు. పంతానికి పోవడంలో మాత్రం అంత చక్కగా ఈడూ జోడూ కుదిరిన జంట మరొకటి ఉండదు.

ఆఫీసులో అతన్ని తొట్టి అనేవాళ్లు, ఆమెని చెంబు అనేవాళ్లు. మొహం మీద కాదు, వెనకాల. పేర్లు ఊరికే రాలేదు. ఆస్పత్రి ల్యాబుల్లో రక్తం పరీక్ష చేసే మెషీన్ల నుంచి అంకెలు తీసుకుని డాక్టర్ల తెర మీద పెట్టే ప్రోగ్రాం వాళ్ల కంపెనీది. పదకొండేళ్ల కిందట సీ అనే కంప్యూటర్ భాషలో రాసింది. మెషీన్ మనిషిలాగా "మూడు వందల యాభై ఆరు" అని చెప్పదు. వైరులోంచి ముందు 3 వస్తుంది, తర్వాత 5, తర్వాత 6, ఆ వెనక కాసిని ఖాళీలు, మళ్లీ ఇంకో అంకె. వచ్చిన అక్షరాలన్నీ ముందు గడులు గడులుగా ఉన్న ఒక బఫర్‌లో పడాలి. ప్రోగ్రాంలో ఒక్కో పని చేసే ముక్కని ఫంక్షన్ అంటారు; ఆ బఫర్ నింపే పని అతని ఫంక్షన్‌ది, కనక అతను తొట్టి. అందులోంచి ఒక్కో అక్షరం ముంచి తీసే చిన్న చిన్న ఫంక్షన్లు ఆమెవి, కనక ఆమె చెంబు.

ఆమె రాసినవి మూడే మూడు. ఒకటి, తరవాతి అక్షరాన్ని తీసిస్తుంది. రెండోది, తీసిన అక్షరాన్ని వెనక్కి పెడుతుంది. మూడోది, ఖాళీలన్నీ దాటిస్తుంది. ఖాళీలు దాటేదానికి ఖాళీ కానిది చేతికి తగిలితే గానీ ఎక్కడ ఆగాలో తెలియదు. తెలిసేసరికి ఆ అంకె బయటికి వచ్చేసి ఉంటుంది, కాబట్టి దాన్ని జాగ్రత్తగా వెనక్కి పెట్టి, నంబరు చదివే ఫంక్షన్‌కి అప్పజెప్పాలి. ఇవి పెద్ద పనులేం కావు. గిన్నెలు తోమడం లాంటివి. చేసినంతకాలం ఎవడికీ కనబడవు.

ఇందులో ఒక్కటే మెలిక. తొట్టిలో ఐదువందల పన్నెండు అక్షరాలు పడతాయి. ఆఖరిది తీసీతియ్యగానే అతని ఫంక్షన్ తొట్టిని మళ్లీ నింపేస్తుంది. మరి ఆ ఆఖరి అక్షరాన్నే వెనక్కి పెట్టాల్సి వస్తే? అక్కడ అప్పటికే కొత్త నీళ్లు. అందుకని పెళ్లయిన ఐదో ఏడు, ఒకే బల్ల దగ్గర మోకాలికి మోకాలు తగులుతూ కూర్చుని, ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు. గడులు ఐదువందల పదమూడు ఉండాలి. నింపేటప్పుడు పాత తొట్టిలోని ఆఖరి అక్షరాన్ని సున్నా నంబరు గడిలో దాచి, కొత్తవాటిని ఒకటో గడి నుంచి పొయ్యాలి. అప్పుడు వెనక్కి పెట్టడానికి ఎప్పుడూ ఒక చోటు ఉంటుంది. ఈ సంగతంతా ఆమె ఆ గడి పైనే నాలుగు లైన్ల కామెంటుగా, అంటే మెషీన్ పట్టించుకోని, మనుషులు చదువుకునే మాటగా రాసి పెట్టింది.

తర్వాత కాపురం చెడింది. ఎందుకు చెడిందని అడిగితే ఇద్దరూ చెరొక గంట చెబుతారు, రెండూ విన్నాక కూడా అర్థం కాదు. మాటలు మానేశాక ఇద్దరికీ మిగిలిన దారి ఆ ఫైలే. "ఈ లైను ముట్టుకునేముందు ఆలోచించే అలవాటుంటే ఆలోచించండి" అని అతను కామెంటు పెట్టేవాడు. "ఆలోచించి చేసిన తప్పే పెళ్లి, ఇక లైనెంత" అని ఆమె కింద రాసేది. విడాకుల తర్వాత ఇద్దరూ ఒకరినొకరు మీరు అనడం మొదలుపెట్టారు. అంతకు మించిన తిట్టు ఇద్దరికీ దొరకలేదు.

ఒకరోజు పెద్ద కస్టమరెవరో ప్రోగ్రాం చూపించమని అడిగారు. మేనేజరు ఫైలు తెరిచి చదివి, చెవులు మూసుకున్నంత పని చేశాడు. "ఇది ప్రోగ్రామా, మీ ఇంటి వసారానా? ఇకమీదట ఈ ఫైల్లో ఒక్క కామెంటు కనబడితే ఊరుకోను" అని, కూర్చున్నచోటే కామెంట్లన్నీ ఒక్క దెబ్బకి ఊడ్చిపారేశాడు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు, తిట్లతో పాటు సున్నా నంబరు గడి గురించిన నాలుగు లైన్లూ పోయాయి. ఆమె చూసింది. మళ్లీ రాద్దామనుకుంది గానీ, తెలిసినవాడికి చెప్పక్కర్లేదు, తెలియనివాడు అడిగి తెలుసుకోవచ్చు అని ఊరుకుంది.

ఏడాది గడిచింది. ఆ మధ్య మేనేజరు ఇద్దర్నీ విడివిడిగా పిలిచి ఒకే మాట చెప్పాడు. ఈ ఫైలుకి ఇద్దరు మనుషులు దండగని పైవాళ్లు అంటున్నారు, నెలాఖరుకి ఒక్కరే ఉంటారు, ఎవరన్నది పనిని బట్టి. ఆమె గదిలోంచి బయటికొచ్చి చెక్క అడ్డు మీదుగా చూసింది. అతను కూడా చూశాడు. ఆ సీటు పోతే ఆమెకి ఇంకో సీటు దొరకదని కాదు. అది అతనికి దక్కితే బతికి ఉండగా తట్టుకోలేదు, అంతే.

ఆ తర్వాతి మంగళవారం అతను ఫైల్లో ఒక మార్పు చేశాడు. తన పని చూపించుకోవాలిగా మరి, ఉన్నదాన్ని చెక్కి నున్నగా చేస్తున్నాడు. అతను చేసిన ప్రతి మార్పునూ ఆమె వెంటనే తెరిచి చదివేది. ప్రేమలేఖ కూడా అంత శ్రద్ధగా ఎవరూ చదవరు. ఐదువందల పదమూడు కాస్తా ఐదువందల పన్నెండయింది. కింద, నింపడం మొదలుపెట్టే గడి ఒకటి ఉన్నచోట సున్నా అయింది. ఆఖరి అక్షరాన్ని దాచే లైను ఎగిరిపోయింది, పదకొండేళ్ల కిందటి ఒప్పందం అతను మరిచిపోయినట్టే ఉంది. పక్కన, ఆఫీసు పద్ధతి ప్రకారం మార్పుకి కారణం రాయాల్సిన చోట, "అనవసరంగా వదిలేసిన గడి తొలగింపు" అని ఉంది. అనవసరంగా వదిలేసింది అంటే ఆమె అని. మేనేజరు చిన్న మార్పేగా అని చదవకుండానే సరే కొట్టాడు.

ఆమె కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ఒక చిన్న ఫైలు చేసింది. ఐదువందల పదకొండు ఖాళీలు, ఆ వెనక 356. ప్రోగ్రాంలోకి పంపింది. ఖాళీలు దాటే ఫంక్షన్ ఐదువందల పన్నెండో అక్షరంగా 3ని తీసింది, తొట్టి కొత్త అక్షరాలతో మళ్లీ నిండిపోయింది, 3ని వెనక్కి పెట్టబోతే చోటు లేదు. చోటు లేకపోతే చప్పుడు చెయ్యకుండా ఊరుకోమని ఆ ఫంక్షన్‌కి చెప్పింది ఎప్పుడో ఆమే. ఊరుకుంది. తెర మీద 56 అని పడింది.

ఆమె నవ్వింది. అటువైపు అతను తలెత్తి చూశాడు, ఏంటని అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదో ఆమెకే తెలియదు.

ఇంట్లో అత్తగారున్నారు. కొడుకుతో విడిపోయిన కోడలి దగ్గరే ఆవిడ ఉండిపోయింది. "వాడితో నువ్వు పదమూడేళ్లే ఉన్నావు, నా బాధ నీకేం తెలుసు" అనేది. ఆ సాయంత్రం ఆవిడ వంటింటి బల్ల దగ్గర బఠాణీలు ఒలుస్తూ కోడలి మొహంలోకి చూసింది.

"ఏమే, మొహం వెలిగిపోతోంది? జీతం పెంచారా?"

"మీ అబ్బాయి గొయ్యి తవ్వుకున్నాడత్తయ్యా. తన చేత్తో తనే."

"ఎంత లోతు?"

"నెలాఖరుకి పడేంత."

"వాడికి చెప్పావా?"

"నాకేం పట్టింది?"

"నిజమేలే. వాడికి చెప్పడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. నలభై ఆరేళ్లు నేనూ ఊదాను."

ఇద్దరూ నవ్వుకున్నారు. అత్తగారు ఒలిచిన గింజ ఒకటి కోడలి నోట్లో వేసింది. ఆస్పత్రి అన్న మాట ఆ సాయంత్రం ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు.

ఆఫీసులోనే ఒక పాత మెషీన్ పెట్టి పరీక్షిస్తారు కదా, అక్కడే దొరికిపోతాడు అనుకుంది ఆమె. ఆ మాట తనకి తాను రోజూ చెప్పుకుంది. అక్కడ దొరకలేదు. నంబరు మొదటి అంకె సరిగ్గా తొట్టి అంచున పడాలి, అలా పడటం అరుదు. శుక్రవారం మధ్యాహ్నం కొత్త వెర్షన్ రెండు ఆస్పత్రులకి వెళ్లిందని అందరికీ మెయిల్ వచ్చింది. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. లేచి మేనేజరు గది దాకా వెళ్లింది. లోపల అతను కూర్చుని ఉన్నాడు, ఏదో మాటకి మేనేజరు గట్టిగా నవ్వుతున్నాడు. వెనక్కి వచ్చి సీట్లో కూర్చుంది.

ఆ తర్వాత పదిహేను రోజులకి ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది.

మీటింగు గదిలో నలుగురే. బల్లకి ఒక చివర మేనేజరు. ఎదురెదురుగా తొట్టి, చెంబు. నాలుగో మనిషి ఆస్పత్రి ల్యాబులో పనిచేసే అమ్మాయి. ముప్పై కూడా ఉండవు, ఒళ్లో సంచీ పెట్టుకుని దాన్ని రెండు చేతులా పట్టుకుంది. తప్పుడు రిపోర్టు ఇచ్చిందని ఆ అమ్మాయిని వారం కిందట పనిలోంచి ఆపేశారు. అమ్మాయి సంచీలోంచి వేలెడు వెడల్పు కాగితం చీటీ తీసి బల్ల మీద పరిచింది.

"ఇది మెషీన్ సొంతంగా అచ్చేసే చీటీ సార్. షుగరు 356 అనుంది చూడండి. అదే నిమిషంలో మీ ప్రోగ్రాం డాక్టరుగారి తెర మీద 56 అని చూపించింది. షుగరు పడిపోయిందనుకుని ఇన్సులిన్ ఆపేసి, గ్లూకోజు ఎక్కించారు. సాయంత్రానికి ఏడొందలు దాటింది. స్పృహ పోయింది. స్కూలు వ్యాను నడిపే ఆయన సార్."

మేనేజరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఒక అంకె ఎగిరిపోవడమేంటి? ఎక్కడ?"

ఆమె ఈ ప్రశ్న కోసమే కూర్చుంది. ల్యాప్‌టాప్ గోడ మీది తెరకి తగిలించి, ఏ గడి ఎందుకుండాలో, ఏ మంగళవారం ఏ లైను పోయిందో ఒక్కొక్కటీ చూపించింది. ఆఖర్న తన చిన్న ఫైలు లోపలికి పంపింది. ఐదువందల పదకొండు ఖాళీలు, 356. గోడ మీద 56 అని పడింది. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. మూడేళ్లుగా చూడాలనుకున్న మొహం అది, ఆమె కళ్లార్పకుండా చూసింది.

"అనవసరపు గడి అని రాశారు" అంది. "అవసరమో కాదో ఒక్క మాట అడగొచ్చుగా మీరు?"

"అడిగితే మీరు చెప్పే మనిషా?" అతను లేచాడు. "చోటు లేకపోతే కేకెయ్యాలి గానీ నోరు మూసుకుని ఊరుకునే ఫంక్షన్ ఎవరు రాశారు? నాదా అది? అంకె పడిపోయింది మీ చేతిలోంచి!"

"చోటు తీసేసింది ఎవరు?"

"చోటెందుకో రాసిపెట్టాల్సింది ఎవరు?"

"రాశాను! ఈయన చెరిపేశారు!"

మేనేజరు గతుక్కుమన్నాడు. "మధ్యలో నన్ను లాగకండి. నేను చెరిపింది తిట్లని" అని, నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు. ముగ్గురూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. సీటు తనదేనని ఆమెకి తెలిసిపోయింది. ఎంత గొంతు చించుకున్నా తెర మీది మంగళవారం అతని పేరు మీదే ఉంది.

ల్యాబు అమ్మాయి చెయ్యెత్తింది. బడిలో పిల్లలెత్తినట్టు ఎత్తింది. ముగ్గురూ ఆగారు.

"మేడమ్, ఒక్క సందేహం. ఇది అంత అరుదుగా జరిగేదన్నారు. మరి ఈ చిన్న ఫైలు మీ దగ్గర ముందే తయారుగా ఉంది కదా. మీకెప్పుడు తెలిసింది?"

ఆమె నోరు ఆమె కంటే ముందుండేది. తనకి తెలియనిది ఏదీ లేదని చూపించుకునే అలవాటు పదకొండేళ్లది. "అతను మార్చిన రోజే తెలిసింది. పది నిమిషాల్లో పట్టుకున్నాను" అంది.

అన్నాక వినబడింది, తనేమందో. ల్యాబు అమ్మాయి సంచీ మీద వేళ్లు బిగించింది. మేనేజరు మెల్లగా, "మార్చిన రోజంటే... వెర్షన్ వెళ్లకముందా?" అన్నాడు.

అప్పుడు మాట్లాడింది అతను.

"నాకు చెప్పింది" అన్నాడు. "ఆ రోజే చెప్పింది. నేనే వినలేదు. తప్పు మొత్తం నాదే, రాసుకోండి."

ఆమె తలెత్తి చూసింది. అతను ఆమెనే చూస్తున్నాడు. జాలి లేదు ఆ చూపులో, పాత మమకారం అసలే లేదు. పదమూడేళ్లు ఒక మంచం మీద పడుకున్న మనిషి కళ్లు చదవడానికి ఆమెకి ఏ ఫంక్షనూ అక్కర్లేదు. సీటు పోతుందని అతనికి ఎలాగూ తెలుసు. పోతూ పోతూ ఆమె నెత్తిన ఒక భిక్ష పడేసి పోతున్నాడు. ఇక ఆ కుర్చీలో కూర్చున్న ప్రతి రోజూ అతని దయ మీద కూర్చోవాలి, అత్తగారి దగ్గర కూడా తల దించుకోవాలి. కడుపులోంచి మంట లేచింది. తప్పు చేశానన్న బాధ కంటే ముందు లేచింది ఆ మంటే. ఉన్నమాట చెప్పాలంటే, ఆమె చేత నిజం పలికించింది అదే.

"చెప్పలేదు" అంది. "ఈయన అబద్ధం చెబుతున్నారు. నేనెవరికీ చెప్పలేదు."

"నీకేమైనా పిచ్చా?" అతను బల్ల మీద చేత్తో కొట్టాడు. మూడేళ్ల తర్వాత మొదటిసారి నువ్వు అన్నాడు.

"మీ దానం నాకొద్దు. మూడు వారాలు నోరు మూసుకుని ఎదురుచూశాను. నెలాఖరుకి మీరు పోతారని. తెలిసే చేశాను. ఇప్పుడు రాసుకోండి."

మేనేజరు తల పట్టుకున్నాడు. అతను కుర్చీలో కూలబడ్డాడు. ఆమెకి ఒక్క క్షణం గెలిచినట్టే అనిపించింది, ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడాలి గానీ అనిపించింది.

ల్యాబు అమ్మాయి లేచి చీటీని నాలుగు మడతలు పెట్టి సంచీలో దాచుకుంది. ఆ అమ్మాయి గొంతులో అరుపు లేదు. అరిచి ఉంటే బాగుండేది.

"గంటన్నర నుంచి కూర్చున్నాను" అంది. "గడి ఎవరు తీశారు, ఎవరు రాయలేదు, ఎవరు చెరిపారు, అన్నీ విన్నాను. ఆయన ఎలా ఉన్నాడని మీలో ఒక్కరూ అడగలేదు."

ముగ్గురూ బల్లకేసి చూశారు. ఆమె, "ఎలా ఉన్నాడు?" అంది. తన గొంతు తనకే వేరేవాళ్లదిలా వినిపించింది.

"నిన్న కళ్లు తెరిచాడు. కూతుర్ని చూసి ఎవరమ్మా నువ్వు అని అడిగాడు. తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు అంటున్నారు." అమ్మాయి తలుపు దాకా వెళ్లి ఆగింది. "రెండో ఆస్పత్రిలో ఇంకా అదే నడుస్తోంది కదా మేడమ్? ఇప్పుడు, మనం మాట్లాడుతుండగా?"

ముగ్గురిలో ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు.

మేనేజరు ఫోను పట్టుకుని రెండో ఆస్పత్రి నంబరు కోసం తడుముకుంటూ వరండాలోకి పరిగెత్తాడు. ఆమె సీటు దగ్గరికి వెళ్లింది. ఎవరు ఉంటారో ఎవరు పోతారో ఇక అడగక్కర్లేదు, తను పోతుంది. కుర్చీ లాక్కుని ఫైలు తెరిచింది. అడ్డు అవతల అతను నిలబడి ఉన్నాడు. ఐదువందల పన్నెండుని పదమూడు చేసింది. సున్నాని ఒకటి చేసింది. ఆఖరి అక్షరాన్ని దాచే లైను తిరిగి పెట్టింది. వెనక్కి పెట్టడానికి చోటు లేకపోతే ప్రోగ్రాం అక్కడే ఆగిపోయి తెర మీద ఎర్రగా కేకెయ్యమంది. గడి పైన నాలుగు లైన్లు రాసింది. పరీక్షించింది. 356 అని వచ్చింది. రెండు ఆస్పత్రులకీ పంపింది.

తెర మూల గడియారం చూసింది. మొత్తం ఎనిమిది నిమిషాలు పట్టింది.